మల్ల రాండ్రి

ఇల్లు అమ్మేటప్పుడు ఇంటికి కూడా పెళ్ళిచూపులేనని బ్రోకర్ మహేందర్ పొద్దున్నే వచ్చి కిష్టమ్మకు చెప్పాడు. గోడలకు సున్నం పడాలి. మూలల్లో బూజు కనపడొద్దు. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక గల్లీ కాబట్టి కుళ్ళిన బత్తాయిల వాసన ఎట్లాగూ వస్తుంది, దానికి సాంబ్రాణి పొగ వేయమన్నాడు. అన్నీ చెప్పి, పోతూ పోతూ నడింట్లో గోడకున్న ఫోటో ముందర ఆగిపోయాడు.

"ఇది తీసెయ్యి వదినా. దండేసిన ఫోటో చూస్తే ఎవరు పోయిన్రు, ఎట్ల పోయిన్రు, ఇంట్లనే పోయిన్రా అని అడుగుతరు. ఏం చెప్తవ్?"

కిష్టమ్మ ఏం చెప్పగలదు? ఇంటికి వచ్చినవాళ్ళ ముఖం వంక తలెత్తి చూడడమే చాతకాని మనిషి.

ఆ ఫోటోలో ఉన్నది అరుణమ్మ, కిష్టమ్మ మొగుడు సైదులుకు మొదటి భార్య. నల్గొండ దిక్కు నుంచి వచ్చి ఈ ఇల్లు కట్టుకున్న ఏడాదే, వెనక అర్రలో నొప్పులు పడి, కడుపులో బిడ్డ కడుపులోనే ఉండగా పోయింది. కిష్టమ్మ రెండో పెళ్ళాంగా కాలు పెట్టిన నాడే అత్త ఒక మాట చెప్పింది. ఈ ఇంట్లో ఏ ఆడమనిషికి బొట్టు పెట్టాలన్నా ముందు పెద్దామెకు పెట్టాలని. అప్పటి నుంచి శుక్రవారం వస్తే చాలు, ఫోటో అద్దం మీద కుంకుమ పెట్టి, వేలికి మిగిలిందే తాను పెట్టుకునేది. ఎండాకాలంలో కూడా ఆ అద్దం చల్లగానే తగిలేది. వేలు దానికి అలవాటు పడిపోయింది.

ఇన్నేళ్ళు సర్దుకుపోయిన కిష్టమ్మ ఇప్పుడు ఇల్లు అమ్మాల్సిందేనని పట్టుబట్టింది బిడ్డ మౌనిక కోసం. పిల్ల తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. వచ్చిన కాడి నుంచి వెనక అర్ర విడిచిపెట్టదు, అక్కడైతేనే నిద్ర పడుతుందంటుంది. ఆ అర్రలో ఇంకొక కాన్పు జరగొద్దు. కిష్టమ్మకు కావలసింది అదొక్కటే. తిరిగి అత్తగారింటికి పంపుదామంటే తెలంగాణ కోసం అందరూ చేస్తున్న సమ్మెలో బస్సులు లేవు. సైదులు కూడా బస్సు డ్రైవరే, జీతం ఆగిపోయింది. అడ్వాన్సు చేతికొస్తే నాగోల్ దిక్కు కిరాయింట్లోకి పోదామని అతను ఒప్పుకున్నాడు.

ఫోటో దించి పాత నూలు చీరలో చుట్టింది. ఆ రోజు శుక్రవారమే. బొట్టు పెడితే మళ్ళీ తుడవాలి కదా అని పెట్టలేదు.

"గీ ఒక్క పూట ఓర్సుకో అక్కా," అని గొణిగి సజ్జ మీదికి ఎక్కించింది. ఫోటో ఉన్న జాగలో సున్నం పూసింది. సాయంత్రానికి గోడంతా ఆరింది. ఆ నలుచదరం మాత్రం ఆరలేదు.

చీకటి పడే వేళకు మహేందర్ ఒక జంటను తీసుకొచ్చాడు. సాంబమూర్తి, వేదవతి. గుంటూరు వాళ్ళు, మలక్‌పేటలో ఉంటారు. సైదులు ఎల్.బి. నగర్ చౌరస్తాలో సమ్మె టెంటు కింద ఉన్నాడు, ఇల్లు చూపించే పని కిష్టమ్మ మీదే పడింది. రాష్ట్రం వేరుపడితే మా సంగతేంటని సాంబమూర్తి గేటు దగ్గరే అనుమానపడుతుంటే మహేందర్ నవ్వాడు. "రాష్ట్రం ఏడికన్న పోనీ సార్, ఇల్లు ఈడనే ఉంటది."

అప్పుడే కరెంటు పోయింది. బొగ్గు గనులు కూడా సమ్మెలో కలిసినప్పటి నుంచి దానికి వేళాపాళా లేదు.

మగవాళ్ళిద్దరూ నీళ్ళ ట్యాంకు చూస్తామని మిద్దె ఎక్కారు. కిష్టమ్మ కొవ్వొత్తి పట్టుకొని తల వంచుకునే వేదవతికి అర్రలన్నీ చూపించింది. వెనక అర్రలో మౌనిక నిద్రపోతోంది. గుమ్మంలోంచే చూసి వెనక్కి తిరిగారు. సాంబ్రాణి ఎప్పుడో ఆరిపోయింది. బత్తాయిల వాసన కూడా లేదు. తడి సున్నం వాసన ఒక్కటే ముక్కుకు పట్టింది.

కొంతసేపటికి గేటు కాడి నుంచి సాంబమూర్తి కేకేశాడు. ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా ఎట్లా పంపడం? కిష్టమ్మ కుంకుమ భరిణె తెచ్చేసరికి గాలికి కొవ్వొత్తి ఆరింది. చీకట్లోనే వేదవతి నుదురు తడిమి పెట్టింది. వెచ్చగా, చెమటగా ఉంది. "వస్తానండీ," అని ఆమె చెప్పులేసుకొని మెట్లు దిగింది.

పక్కన ఇంకొక చీర గరగరమన్నది.

ఈమెకు తోడు ఎవరో వచ్చినట్టున్నారు... సిగ్గుకొద్దీ నేనే చూడలేదు... అనుకుంది. చెయ్యి చాపింది. ఆ మనిషి తల వంచి నుదురు అందించింది. కిష్టమ్మ బొట్టు పెట్టి, ఎప్పుడూ అనే మాటే అలవాటుగా అన్నది.

"మల్ల రాండ్రి."

చెవి పక్కనే జవాబు వచ్చింది. చాలా మెల్లగా.

"పోతే గద... వచ్చేది."

గుంటూరామె మాట కాదు. నల్గొండ మాట.

అప్పుడు తెలిసింది వేలికి. చెమట లేదు... ముడత లేదు... నున్నగా... చల్లగా...

భరిణె ఎక్కడ పడ్డదో తెలియదు. గేటు దాకా ఎట్లా వచ్చిందో తెలియదు. స్కూటర్ మీద సాంబమూర్తి, వెనక వేదవతి. అంతే.

"మీతోని వచ్చినామె..." అని మాత్రం అనగలిగింది.

"నాతోనా? నేనొక్కదాన్నే వచ్చానండీ."

స్కూటర్ వెళ్ళిపోయింది. ఇల్లు నచ్చిందట, మహేందర్ సంబరంగా చెప్పాడు. కాకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసు కూడా సమ్మెలోనే ఉంది, అది తెరిచిన నాడే అడ్వాన్సు ఇస్తారట. అందాకా పరేషాన్ కాకుండా ఇదే ఇంట్లో ఉండమని చెప్పి అతనూ పోయాడు. కిష్టమ్మ అతన్ని ఆపలేదు. ఏమని ఆపాలి? తానే బొట్టు పెట్టింది. తానే రమ్మన్నది.

దూరంగా మెయిన్ రోడ్డు మీద జై తెలంగాణ అరుపులు. గల్లీ అంతా చీకటి. లోపలికి పోవాలి... పిల్ల ఒక్కతే ఉంది... గేటు ఊచలను రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డది.

వెనక అర్రలోంచి మౌనిక గొంతు వినిపించింది. నిద్రమత్తులో, నిమ్మళంగా.

"అమ్మా, పొట్ట మీది చెయ్యి తియ్యరాదే. బరువైతుంది."

కిష్టమ్మ చేతులు రెండూ గేటు ఊచల మీదనే ఉన్నాయి.

లోపల చీర గరగరమన్నది. తర్వాత మౌనిక మెల్లగా నవ్వింది.

"పేరా? మేమింకా ఏం అనుకోలే. నువ్వే చెప్పు."