గవిని గూట్లో రాయి

శ్రుతి సూట్‌కేస్ మూత మూడోసారి తెరిచి, అన్నిటికంటే పైన లైఫ్ జాకెట్ పెట్టింది రాజేశ్వరమ్మ. ఓఆర్ఎస్ పొట్లాలు, కారప్పొడి, ఊరగాయ సీసా ముందే లోపలికి చేరాయి.

"అమ్మమ్మా, వాటర్ లేనప్పుడే కదా వెళ్తున్నా! మేలో ఫోర్ట్ మొత్తం బయటికొస్తుంది," అని నవ్వింది మనవరాలు.

"నీళ్ళు చెప్పి రావమ్మా."

అది 2013 మే నెల. శ్రుతి ఆర్కిటెక్చర్ చదువుతోంది. శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో మునిగి, ఎండాకాలం మాత్రం తేలే అమ్మమ్మ ఊరి కోటను కొలిచి బొమ్మలు గీయడానికి నెల రోజులు వెళ్తోంది. కాకతీయుల నాటి నుంచి ఆ కోట గవినికి, అంటే పెద్ద ద్వారానికి, రాజేశ్వరమ్మ పుట్టింటివాళ్ళే కావలి. ఇంట్లో ఎవరు ఊరు దాటినా గవిని గూట్లో వాళ్ళ పేర ఒక గులకరాయి పెట్టేవారు. తిరిగొచ్చినవాళ్ళు తమ రాయి తామే తీసి కృష్ణలో వేయాలి. అమెరికాలోని ఇర్వింగ్ వచ్చాక వంటింటి కిటికీయే గూడయింది. అల్లుడు హ్యూస్టన్ వెళ్ళినా అక్కడొక రాయి ఉండేది.

ప్రయాణం నాటి ఉదయం కిటికీలో మనవరాలి పేర రాయి లేదు. శ్రుతి పాస్‌పోర్టూ లేదు. పదకొండింటికి అది బియ్యం డబ్బాలో దొరికింది శ్రుతి తల్లి గిరిజకు.

"ఏంటమ్మా ఇది? మూడింటికి ఫ్లైట్! మతి ఉండే చేశావా?"

"ఉండే చేసినా. అక్కడికి పోవద్దు. కావాలంటే కాశీకి పొమ్మను."

"ముప్పై రెండేళ్ళయింది. రాఘవులు మామ గేదె కోసం వెళ్ళి మునిగిపోతే అది శ్రుతి తప్పా?"

"గేదె కోసం కాదే." రాజేశ్వరమ్మ కుర్చీలో కూలబడింది. "నేనే పంపినా."

గిరిజ చేతిలోని పాస్‌పోర్టు నుంచి రెండు బియ్యపు గింజలు రాలాయి.

"ఊరు ఖాళీ చేసిన రోజు మీ నాయన కర్నూల్లో ఉండె. ఆయన రాయి గూట్లోనే ఉండిపోయింది. రాయి మునిగితే మనిషి రాడేమోనని నా భయం. ఒక్కసారి పోయి తెచ్చిపెట్టురా అన్నా. 'నీ మొగునికి రాయితో పనేముందక్కా, దారి తెలుసులే' అని నవ్వుకుంటానే పుట్టి ఎక్కినాడు. సాయంత్రానికి మీ నాయన బస్సు దిగినాడు."

"నాన్నకు తెలుసా?"

"చెప్పలేదు. చెప్తే అన్నం ముద్ద మింగునా?"

గిరిజ వచ్చి తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. రాజేశ్వరమ్మ చెంగు ముడి విప్పి, అరిగి నున్నబడిన నల్లరాయి తీసి శ్రుతి చేతిలో పెట్టింది. తమ్ముడి పడవ కదిలాక వాడి పేర ఒడ్డున ఏరిన రాయి.

"దీన్ని అక్కడి నీళ్ళలో వెయ్యి తల్లీ."

"ఎవరి స్టోన్ వాళ్ళే వెయ్యాలి కదా అమ్మమ్మా?"

"వస్తాడనే దాచుకున్నా. ఇంక నువ్వే వెయ్యి."

శ్రుతి ఆ రాయిని లైఫ్ జాకెట్ జేబులో పెట్టి జిప్పు వేసింది. రాజేశ్వరమ్మ మరో గులకరాయి కడిగి కిటికీలో పెట్టింది.

రాఘవులు రాయిని కృష్ణలో వేసి, జూన్ పదిహేనున శ్రుతి తిరిగొచ్చి, బూట్లు విప్పకుండానే కిటికీలోంచి తన రాయి తీసుకుంది.

రాఘవులు రాలేదు. వాడు వెళ్ళింది 1981 ఆగస్టు తొమ్మిది, ఆదివారం.