నల్లబండ వెనుక సముద్రం

మధ్యాహ్నం మూడు గంటలు. ఆకాశమంతా కాటుక పులిమినట్టు కారుమేఘాలు! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది...

మేడమీది గదిలో ఒంటరిగా పనిచేసుకుంటున్న ఆమె ఉలిక్కిపడింది. పాత చిత్రాలను శుభ్రం చేసి బాగుచెయ్యడం ఆమె వృత్తి. ఎదురుగా ఉన్నది తండ్రి ఇరవై ఆరేళ్ల వయసులో వేసిన సముద్రతీరం. వంకర గీతలతో, విరిగిన ఆకారాలతో జగద్విఖ్యాతుడైన ఆ ఆధునిక చిత్రకారుడు ఉన్నదున్నట్టు గీసిన బొమ్మ ఇదొక్కటే. ఇసుక, నురగ, మూలన ఒక నల్లబండ. నలభై ఏళ్ల కిందట ఆ తీరంలోనే, రెండేళ్ల పసిపాపగా ఉన్న తనను వదిలేసి తల్లి మునిగిపోయిందని ఆమె విన్నది.

“అంతా తుడువు. బండ జోలికి మాత్రం పోకు” అన్నాడు తండ్రి పొద్దున.

కానీ దూది బండమీదికి జారింది. చెరిగిన నలుపు కింద... ఒక కన్ను! తడిగా, సజీవంగా... రెప్ప వాల్చింది!

కెవ్వున అరిచి తలుపువైపు పరుగెత్తింది. గడియ బిగించి, తలుపుకు వీపానించి తండ్రి! అతని చేతిలో కపాలం... అందులో కుతకుతలాడే రక్తవర్ణం!

“చూసేశావన్నమాట! ఇన్నేళ్లూ మీ అమ్మ ప్రాణం తాగే నా కుంచె బతికింది. ఇప్పుడు ఆవిడలో ఏమీ మిగల్లేదు. బొమ్మకి ఇంకో ప్రాణం కావాలి.”

“నాన్నా... నేను నీ కూతుర్ని!”

“అందుకే నిన్ను పిలిపించాను. అదే రక్తం కావాలి!”

భీకర మంత్రోచ్చారణ మొదలైంది. పిడుగు పడింది! గోడలు దగ్గరికి జరిగాయి. నేల ఇసుకై ఆమెను మోకాళ్లదాకా మింగింది. ఎడమచేతి వేళ్లు రంగై బొట్లుబొట్లుగా కారసాగాయి... కదలలేదు, ఊపిరాడలేదు. అరవబోతే, ఆమె నోట ఆమెది కాని గొంతు పలికింది.

“తుడిచెయ్! బండ మొత్తం తుడిచెయ్!”

కుడిచెయ్యి ఇంకా తనదే! రంగు కరిగించే ద్రావకం సీసా అందుకుంది.

“వద్దే! దాని వెనకాల సముద్రాన్ని కట్టేశాను!” తండ్రి గావుకేక పెట్టాడు.

సీసా మొత్తం బండమీద కుమ్మరించింది!

నలుపు కరిగింది. నాలుగు దశాబ్దాలు బందీగా ఉన్న మహాసముద్రం ఒక్కపెట్టున హుంకరించింది! కపాలం వెయ్యి ముక్కలైంది. బొమ్మలోంచి లేచిన ప్రళయతరంగం ఆ మాంత్రికుణ్ణి గడ్డిపోచలా చుట్టి, అరుపుతో సహా లోతుల్లోకి ఈడ్చుకుపోయింది...

తరవాత అంతా నిశ్శబ్దం. చట్రంలో తెల్లటి వట్టి గుడ్డ. ఆమె వేళ్లు ఆమెకున్నాయి.

తడిసిన నేలమీద ఎవరో దగ్గారు. ఇరవై నాలుగేళ్ల యువతి. నీళ్లోడుతున్న జుట్టు తొలగించుకుని బెదురుగా చుట్టూ చూసింది.

“అక్కా... నా పాపని చూశారా? రెండేళ్లది. ఇప్పుడే ఇక్కడే ఆడుకుంటోంది...”

ఆమె నెరిసిన జుట్టు వెనక్కి తోసుకుని, ఆ పిల్లతల్లి ఎదుట మోకాళ్లమీద కూర్చుంది.

“సరిగ్గా చూడు... అమ్మా!”