గడ్డం కింద వేలు

"సార్, గడ్డం కొంచెం పైకి," అన్నాను. ఆయన కదల్లేదు. గొంతు పెంచి మళ్లీ అన్నాను. ఇంకోసారి అనేసరికి రోడ్డు మీద పోతున్నవాళ్లు స్టూడియోలోకి తొంగిచూశారు.

"ఎంత అరిచినా లాభం లేదండీ. మా నాన్నకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. నా చెవులు మాత్రం బాగానే ఉన్నాయి, ఇప్పటిదాకా," అంది పక్కనున్న అమ్మాయి.

సిగ్గుతో కెమెరా వెనక దాక్కున్నాను. ఆమె చేతులు గాల్లో ఒకసారి కదిలాయి. ఆయన గడ్డం ఎత్తారు. తర్వాత నావైపు చూపించి, తన గడ్డం కింద వేలు పెట్టుకుని నవ్వారు.

"మీకు పేరు పెట్టారు. ఇకనుంచి మా ఇంట్లో మీరు అదే," అంది.

ఆయన వడ్రంగి. ఆయన భార్యకీ వినపడదు. అమ్మాయి నర్సింగ్ కాలేజీ దరఖాస్తుకు తండ్రి ఫోటో కూడా కావాలట.

మర్నాడు ఫారం ప్రింటు తీయించుకోవడానికి ఒక్కతే వచ్చింది. చివరి పేజీలో, కావాలనుకుంటే రెజ్యూమే జతచేయవచ్చని ఉంది. పెట్టాలా వద్దా అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. మార్కులు ఫారంలో ఎలాగూ ఉన్నాయి, అవే మళ్లీ రాస్తే చదివేవాళ్లకు విసుగు. ఫారంలో పట్టని సంగతి ఉంటేనే పెట్టాలి. చెబుతూనే చూశాను, చదువు వివరాల్లో రెండేళ్లు ఖాళీ.

అమ్మకు ఆపరేషన్లు అయ్యాయట. డాక్టర్లకీ అమ్మకీ మధ్య మాట దాటించే మనిషి కావాలి కదా, అందుకే చదువు పక్కనపెట్టి ఆసుపత్రిలోనే ఉందట. అది తనకు కొత్తేమీ కాదంది.

"నాయనమ్మ పోయినప్పుడు డాక్టరు నాతోనే చెప్పాడు. నాన్నకి చెప్పాల్సింది నేను. తొమ్మిదేళ్లు నాకు. 'పోయింది' అనడానికి మా చేతుల్లో ఒక గుర్తుంది. అది చూపించేదాకా నాన్న నవ్వుతూనే ఉన్నాడు."

ప్రింటర్ ఎప్పుడు ఆగిందో తెలియలేదు. ఆమె చేతులవైపే చూస్తున్నాను. దేవుడికి దణ్ణం పెట్టడం తప్ప నా చేతులకు తెలిసిన గొప్ప పని లేదు. ఆ చిన్న చేతులు మోసినంత బరువు నా జన్మలో మోయలేదు.

"ఇది రాయండి," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "అమ్మానాన్నలకు చేసింది చూపించి సీటు అడగనా? అది బేరం అవుతుందండీ."

చేసిన మంచి చెప్పుకోకూడదనే మా ఇంట్లోనూ నేర్పారు. ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నా అదే ఆలోచన. చెప్పుకోవడం వేరు, అడిగినప్పుడు దాచకపోవడం వేరు కాదా? దేవుడు ఏమీ అనలేదు. ఆయన అలవాటే అంత.

స్టూడియోకి ఫ్రేములు కావాలన్న వంకతో వాళ్ల షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని గుర్తులు నేర్చుకున్నాను. ఒకరోజు ఆమె చూసి నవ్వాపుకోలేకపోయింది. ఎదురుగా చూసి చూసి అన్నీ నాకు ఎడమచేత్తో పట్టుబడ్డాయి.

"అద్దంలో మా నాన్నలా ఉన్నారు," అంది. నవ్వు ఆగాక కూడా ఆ చూపు నా చేతుల మీదే ఉండిపోయింది.

అంతలో రేకుల మీద వాన. ఆయన స్తంభానికి అరచేయి ఆనించి, కళ్లు మూసుకుని, వాన అని నాకు చూపించారు. వినపడేవాణ్ణి, నేనే ఆలస్యంగా గమనించాను.

గడువుకు ముందురోజు, పెట్టాలా వద్దా అంటున్న ఆ కాగితం గొడవేమిటని ఆయన అడిగారు. వచ్చీరాని గుర్తులతో చెప్పాను. ఆయన చెక్క నునుపుచేస్తున్న చిత్రిక పక్కన పెట్టి కూతురివైపు తిరిగారు. చేతులు మెల్లగా కదిలాయి.

ఆమె అలవాటుకొద్దీ నాకు పైకి చెప్పింది: "మా గురించి రాయడానికి నీకు సిగ్గా అని అడుగుతు..."

సగంలో ఆగిపోయింది. ఆ ప్రశ్న తనకేనని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ అందరి మాటలూ దాటించిన మనిషి, తనకని వచ్చిన మాట అందుకోలేక నిలబడిపోయింది. ఆయన చెక్కపొట్టు అంటిన చేత్తో ఆమె తల నిమిరారు.

అక్కడే కూర్చుని ఒక్క పేజీ రాసింది. గొప్పలు లేవు, జరిగింది ఉంది. ఫారానికి పిన్ను నేనే కొట్టాను.

ఇంటర్వ్యూకు తండ్రినీ రమ్మన్నారు. ఆమెది అభ్యర్థి కుర్చీ కాబట్టి, ఆయనకు మాట దాటించే పని నాది. ప్రిన్సిపాల్ గారు ఆ పేజీ మళ్లీ చదివి, కళ్లజోడు తీశారు.

"మాకు కావలసింది ఇలాంటి అమ్మాయే. కానీ ఈమె హాస్టల్‌కి వచ్చేస్తే మీకూ మీ ఆవిడకూ మాటసాయం ఎవరండీ?"

ఆమె తల వంచుకుంది. ఇన్నాళ్లూ ఆమెను వెనక్కి లాగింది ఆ ప్రశ్నే కాబోలు. ఆయనకు కుడిచేత్తోనే, జాగ్రత్తగా దాటించాను.

ఆయన ఆలోచించలేదు. గడ్డం కింద వేలు పెట్టుకున్నారు.

"ఏమంటున్నారు?" అని ప్రిన్సిపాల్ గారు నన్నడిగారు.

నేను ఆయన వేలివైపే చూస్తున్నాను. ఆమె నావైపు తిరిగింది. "ఉన్నదున్నట్టు దాటించాలి. మా పనిలో నియమం అదే," అంది మెల్లగా.

"నా పేరు చెప్పారండీ," అన్నాను.

"మీరు వీళ్లకు ఏమవుతారు?"

ఆ మాటను ఆమే గుర్తుల్లోకి మార్చింది. వాళ్ల నాన్నకి కాదు, నాకు. కళ్లల్లో నీళ్లు, పెదవుల మీద నవ్వు.

నా చేతులు ఏం జవాబిచ్చాయో చెప్పను. ఎడమచేత్తో చెప్పానని మాత్రం మా ఆవిడ ఇప్పటికీ ఏడిపిస్తుంది.