కార్డ్ పట్టని ట్యాబ్

"ఈ ట్యాబ్ కొనకండి."

ప్రసూన నాతో అన్న మొట్టమొదటి మాట అది. ఆ సెల్‌ఫోన్ల షాపు వాళ్ళదే, కౌంటర్ వెనక కూర్చున్నదీ తనే, ట్యాబ్ డబ్బా నా చేతికిచ్చిందీ తనే. ఇచ్చి మరీ కొనకండి అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు కొనద్దు? పైసలు లేనోని లెక్క కనిపిస్తున్ననా?"

"పైసల సంగతి తర్వాత. ముందు ఆ తల తుడుచుకోండి. మా డబ్బా తడుస్తుంది."

అప్పుడు చూసుకున్నాను. అశ్వారావుపేట బస్టాండ్ రోడ్డు మీద పడుతున్న వానలో సగం నా జుట్టులోనే ఉంది. తను ఒక పసుప్పచ్చ గుడ్డ ఇటు తోసింది. నేను శుభ్రంగా తల, మెడ, చెవులు తుడుచుకుని మడతపెట్టి ఇచ్చాను.

"అది స్క్రీన్లు తుడిచే గుడ్డండీ," అంది. "టిష్యూ డబ్బా దాని పక్కనుంది."

నవ్వు ఆపుకోలేక కౌంటర్ కిందికి వంగిపోయింది. లేచేసరికి కళ్ళల్లో నీళ్ళు. వామ్మో, ఆ నవ్వు! నేను కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు.

నా పేరు ఉదయ్ భాస్కర్, మాది ఏన్కూరు. పామాయిల్ రైతులకు సలహాలిచ్చే ఒక సంస్థలో ఫీల్డ్ అసిస్టెంటుని. మొక్కకు నీళ్ళెలా పెట్టాలి, గెల ఎప్పుడు కోయాలి వంటి వీడియోలు అడవి అంచు ఊళ్ళలో తిరిగి చూపించడం నా పని. ఫోన్లో చూపిస్తుంటే పదిమందీ ఒకేసారి వంగి, తలలు గుద్దుకుని, గెల సంగతి వదిలేసి తిట్టుకునేవాళ్ళు. అందుకే మా సూపర్‌వైజర్ శ్రీనివాస్ సార్ ట్యాబ్ కొనుక్కోమన్నారు. కొనాల్సింది నా జీతంలోంచి కాబట్టి, నా పని సంగతి చెప్పి ఉన్నవాటిలో చవకది అడిగాను.

"ముప్పై రెండు జీబీ అని రాసుంది కదా. సరిపోదా?" అన్నాను.

"డబ్బా మీద ముప్పై రెండే. లోపల సగం దాకా సిస్టమే తినేస్తుంది."

"అంటే ఇల్లు మొత్తం కిరాయికిచ్చినమని చెప్పి, సగం ఇంట్ల ఓనరే కాపురమున్నట్టు."

"అచ్చం అలాగే!" మళ్ళీ నవ్వింది. "మీరేమో సిగ్నల్ లేని ఊళ్ళు తిరుగుతారు. వీడియోలన్నీ లోపల ఉండాల్సిందే. నాలుగు ఎక్కించేసరికి నిండిపోతుంది. ఆలోచించుకుని రండి."

ఆలోచించుకుని రండి. ఆహా, ఎంత మంచి మాట! నేను ఆలోచించుకుని మర్నాడే వెళ్ళాను.

ఆ తర్వాత నేను ఆలోచించినంతగా ఎవరూ ఏ వస్తువు గురించీ ఆలోచించి ఉండరు. ఒకరోజు బ్యాటరీ ఎంతసేపు వస్తుందని అడగడానికి వెళ్ళాను. ఇంకోరోజు ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా అని. మరోరోజు వేరే రంగు ఉందా అని. అడిగినప్పుడల్లా తను ఏదో ఒక వంక పెట్టేది. కెమెరా బాగుండదండీ అనేది, సౌండ్ తక్కువండీ అనేది. ఒకసారైతే కొత్త మోడల్ వస్తోంది, ఆగండి అంది. అమ్మేవాళ్ళు ఇలా చేస్తే షాపు నడిచేదెలా అని నాకు బాధేసింది కూడా.

వాళ్ళ నాన్న చెంచురామయ్య గారు మూలన కుర్చీలో కూర్చుని పేపరు చదివేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పామాయిల్ తోట వేసుకున్న కుటుంబం. ఓ పూట కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి అన్నారు. "బాబూ, ఇంత ఆలోచన చేసి నేను తోట కూడా కొనలేదు."

"మంచి వస్తువు తీసుకోవాలె గదా అంకుల్," అన్నాను.

ప్రసూన గబుక్కున అటు తిరిగి కవర్లు సర్దడం మొదలుపెట్టింది. వెనక నుంచి చూసినా నవ్వుతోందని తెలిసిపోయింది.

ఇంత హాయిగా ఉన్న బతుకులో శ్రీనివాస్ సార్ ఫోన్ ఒకటి వచ్చి పడింది.

"ఏందయ్యా ఉదయ్, ట్యాబ్ కొంటవా కొనవా? సోమవారం దాక చూస్త. లేకుంటే ఈ పని ఇంకొకనికి ఇస్త. నువ్వు మణుగూరు అవతల నర్సరీల మొక్కలు చూసుకో, పో."

కొంటే ఆ షాపుకి వెళ్ళడానికి సాకు ఉండదు. కొనకపోతే అసలు అశ్వారావుపేటే ఉండదు. రాత్రంతా దొర్లి దొర్లి, తెల్లారి షాపు తీసే వేళకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇచ్చెయ్యండి," అన్నాను.

ప్రసూన ముఖం వాడిపోయింది. "అదేంటి? అంత సడెన్‌గా?"

"కొనకపోతే మణుగూరు పంపుతడట సారు."

తను డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టింది కానీ చెయ్యి దాని మీదే ఉంచింది. "నిండిపోయిందని తర్వాత నన్ననకూడదు."

"నిండితే మెమొరీ కార్డ్ ఏసుకుంట."

ప్రసూన నా వైపు చూడకుండా పౌచ్ ఒకటి వెతికి తీసి, ట్యాబ్‌కి తనే తొడిగింది.

"దీనికి కార్డ్ పట్టదండీ."

"మరెట్ల?"

"వారం వారం సంత రోజు రండి. చూపించేసినవి తీసేసి కొత్తవి ఎక్కిస్తాను. అడవి ఊళ్ళ వాళ్ళంతా మా దగ్గర అలాగే ఎక్కించుకుంటారు." ఆగి, మెల్లగా అంది. "వారం వారం రావడం కష్టమైతే కొనకండి."

"కష్టమా? కష్టమేం లేదు!"

ఎంత గట్టిగా అరిచానో, చెంచురామయ్య గారి చేతిలో పేపరు జారిపోయింది.

సంత రోజున ఆ షాపు చూడాలి! కూరగాయల సంచులతో, కోడిపిల్లల గంపలతో జనం బారులు తీరేవాళ్ళు. సిగ్నల్ లేని ఊళ్ళు కదా, వారానికి సరిపడా పాటలు, సినిమాలు, మేనమామ కూతురి పెళ్ళి వీడియోలు, అన్నీ ఫోన్లలోకి ఎక్కించుకుని పోవాలి. ప్రసూన ఒక్కొక్కరిదీ కంప్యూటర్‌కి తగిలించి ఎక్కించేది. నన్ను మాత్రం చివర కూర్చోబెట్టేది.

"మీవి పెద్ద ఫైళ్ళు. ఆగండి."

నేను ఆగేవాడిని. స్టూలు మీద కూర్చుని, స్క్రీన్ మీద ఎంత ఎక్కిందో చూపే పచ్చగీత మెల్లగా జరుగుతుంటే చూస్తూ, ఇంకొంచెం మెల్లగా జరగమ్మా తల్లీ అని దండం పెట్టుకునేవాడిని. బయట వాన. మధ్యలో మిరపకాయ బజ్జీలు.

"గెలలు కోసే వీడియో తీసేద్దామా?" అనేది.

"తీసెయ్యండి."

"పోయినవారం తీసేసి, మళ్ళీ ఎక్కించమన్నారుగా?"

"ఈ వారం తీసెయ్యండి. వచ్చేవారం మళ్ళ ఎక్కిద్దురు."

"మీకు ఏం కావాలో మీకు తెలుసా అసలు?"

తెలుసు. కానీ చెప్పే ధైర్యమే లేదు. అందుకే ఇంకో బజ్జీ తిన్నాను.

సక్రి అని, తోటల్లో గెలల పనికి వెళ్ళే ఆవిడ, ప్రతి సంతకీ పాటల కోసం వచ్చేది. ఓసారి నా పక్కన కూర్చుని నా ట్యాబ్ కేసి ఎగాదిగా చూసింది.

"ఏం సారూ, నీ డబ్బ ఇంకా నిండకపాయె?"

"చిన్నది కదా అక్కా. జల్దీ నిండుతది, జల్దీ ఖాళీ అయితది."

"చూసుకో మరి. ఆ పిల్లకు సత్తుపల్లి సంబంధం చూస్తున్నరంట. పెండ్లయి పోతే నీ డబ్బ ఎవరు నింపుతరు?"

నోట్లో బజ్జీ నోట్లోనే ఉండిపోయింది. ప్రసూన వైపు చూశాను. తను ఎవరి ఫోనుకో కేబుల్ పెడుతోంది. ట్యాబ్ తీసుకుని వచ్చేశాను.

ఆ వారమే ఇంకో పిడుగు పడింది. అడవి అంచున ఒక ఊళ్ళో జంపయ్య అనే రైతు ఇంటి అరుగు మీద వీడియో చూపిస్తున్నాను. ఆయన కూతురు సోని ఇంటర్ చదువుతోంది. నా ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా దాని లెక్కనే ఉంది సార్. మీరు కార్డ్ ఏసుకోలేదా?"

"దీనికి కార్డ్ పట్టదమ్మా."

"ఎందుకు పట్టదు? మా దాంట్ల ఉంది కద!"

పౌచ్ ఊడదీసి, పక్కన సన్నటి రంధ్రంలో పిన్నీసు గుచ్చింది. చిన్న ట్రే ఒకటి బయటికొచ్చింది. కార్డ్ పెట్టే గూడు! ఖాళీగా నన్ను వెక్కిరిస్తోంది!

నాకు తల తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ నన్ను వెర్రివెంగళప్పని చేసి ఆడించిందన్నమాట. అటు సత్తుపల్లి సంబంధం, ఇటు నాతో ఆటలు. బండి తీసి, అడవి దారిలో గుంతలన్నీ ఎక్కించి దింపి, సంత కాని రోజున ఆ షాపు ముందు దిగాను.

ప్రసూన లేదు. చెంచురామయ్య గారున్నారు.

"అంకుల్, దీనికి కార్డ్ పడుతదా, పట్టదా?"

"ఎందుకు పట్టదు బాబూ? బ్రహ్మాండంగా పడుతుంది. పట్టదని ఎవరన్నారు?"

"మీ అమ్మాయే."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మా ప్రసూనా? కస్టమరుకి అబద్ధం చెప్పిందా? ఈ షాపులో?" ముఖం ఎర్రబడిపోయింది. "ఉండు బాబూ. తప్పు మాది."

డ్రాయర్ లాగి, ఉన్నవాటిలో పెద్ద కార్డ్ తీసి, నా చేతిలోని ట్యాబ్ లాక్కుని, పౌచ్ ఊడదీసి దాంట్లో పెట్టేశారు. "పైసా ఇవ్వొద్దు. నీ వీడియోలన్నీ, వచ్చే ఏడాదివి కూడా ఇందులో పడతాయి. ఇక నువ్వు వారం వారం ఇంత దూరం పడి రానక్కర్లేదు."

రానక్కర్లేదు. అప్పుడు తెలిసొచ్చింది, నేనేం చేశానో. నా కోపమంతా ఎటు పోయిందో, ట్యాబ్ కోసం చెయ్యి చాపాను.

"వద్దంకుల్... తీసెయ్యండి..."

"ఎందుకు తియ్యాలి?"

సరిగ్గా అప్పుడే ప్రసూన గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది. నన్ను చూసింది. వాళ్ళ నాన్న చేతిలో ట్యాబ్ చూసింది. పక్కన ఊడిపడున్న పౌచ్ చూసింది. గొడుగులోంచి నీళ్ళు కారి చెప్పులు తడుస్తున్నా కదల్లేదు.

"కార్డ్ పట్టదని చెప్పావా ఇతనికి?" చెంచురామయ్య గారి గొంతు పెరిగింది. "మన పరువేం కావాలి? ఎందుకు చెప్పావలా?"

తను నేల చూపులు చూస్తూ నిలబడింది. అడిగే హక్కు నాకూ ఉందనిపించి నేనూ అందుకున్నాను. "చెప్పండి. నన్ను చూస్తే గంత పిచ్చోని లెక్క కనిపించిందా?"

"అవును! పిచ్చోడివే!" తలెత్తింది. కళ్ళు నిండిపోయాయి. "కార్డ్ వేస్తే నువ్వు మళ్ళీ ఎందుకొస్తావ్?"

అందులో నాకు వినిపించింది 'నువ్వు' అన్న మాటే. ఇన్నాళ్ళ మీరులూ అండీలూ ఎగిరిపోయి, వాళ్ళ నాన్న ముందే నువ్వు అంది.

చెంచురామయ్య గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "మరి మొదట కొనొద్దు కొనొద్దని ఎందుకు తరిమావే?"

"కొనేస్తే రావడం మానేస్తాడనుకున్నాను నాన్నా."

"ఓరి దేవుడో! అందుకా సత్తుపల్లి వాళ్ళబ్బాయికి ముక్కు బాలేదన్నావు?"

"ముక్కు నిజంగానే బాలేదు," అంది గొణుగుతూ.

ఇక ఆగితే నేను మనిషిని కాను. భయమేసినా మాట బయటికొచ్చేసింది.

"అంకుల్, కార్డ్ ఏసినా వస్త. ఈ ట్యాబ్ పలిగినా వస్త. మీరు షాప్ బందు పెట్టినా షట్టర్ ముంగట కూసుంట. నాకు ట్యాబ్ మీద సోకు ఎన్నడు లేదు. ప్రసూనంటే నాకు పాణం."

అనేసి, నాకు నేనే బిత్తరపోయాను. ప్రసూన గొడుగు చాటున ముఖం దాచుకుంది. చెవులు మాత్రం ఎర్రగా కనిపిస్తున్నాయి.

చెంచురామయ్య గారు చాలాసేపు నన్ను కొలిచినట్టు చూశారు. తర్వాత తన ఫోన్ తీశారు.

"మీ నాన్నగారి నంబరు చెప్పు."

అయిపోయింది, మా నాన్నకి ఫిర్యాదు చేస్తారు, మా నాన్న తోలు తీస్తాడు. అయినా నంబరు చెప్పాను. మధ్యలో ఒక అంకె తప్పితే ప్రసూన సరిదిద్దింది. బిల్లు మీద నా నంబరుతో పాటు మా నాన్నది కూడా రాయించినప్పుడు కంఠతా పట్టిందట. ఆయన స్పీకర్ పెట్టారు.

"హలో, ఉదయ్ భాస్కర్ వాళ్ళ నాన్నగారేనాండీ?"

"అవ్. మీరెవరు? ఏమైంది? మావోడు మళ్ళ బండి మీదికెల్లి పడ్డడా?"

"అబ్బే, క్షేమంగా ఉన్నాడండీ. నేను అశ్వారావుపేట నుంచి, చెంచురామయ్యని." గొంతు సవరించుకున్నారు. నా వైపు చూశారు, కూతురి వైపు చూశారు. "ఆదివారం మేం ఏన్కూరు వద్దామనుకుంటున్నాం. ఇంట్లో ఉంటారా, బావగారూ?"

బావగారా! ప్రసూన చేతిలోంచి గొడుగు జారి కింద పడింది. ఫోన్లోంచి మా నాన్న కేక, షాపు అద్దాలు అదిరేలా.

"ఏమే నిర్మలా! జల్దీ ఇటు రా! నీ కొడుకు పెండ్లి కుదిరినట్టుంది!" ఆ వెంటనే ఊపిరి తీసుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు. "ఉంటం బావగారూ, ఉంటం! భోజనానికే రాండ్రి!"