అత్తగారు లేని కచేరీ

ఆదివారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి కోడలు హాల్లోకి వచ్చేసరికి సోఫా బాల్కనీలో ఉంది. టీవీ మంచం కిందకు పోయింది. పక్కింటి కుర్చీలూ పై అంతస్తు వాళ్ళ బెంచీలూ తెచ్చి వరసలు కడుతున్నాడు ఆమె భర్త. మోత పాటకు అడ్డం వస్తుందని ఫ్రిజ్ వైరు కూడా పీకేశాడు. లోపల ఉన్నవి ఏమవుతాయో ఆయనకు పట్టలేదు.

ఆయన పని చేసేది ప్రింటింగ్ ప్రెస్సులో. కానీ అపార్ట్‌మెంటుకూ, రక్తదానం వాళ్ళకూ, పాటలు వినేవాళ్ళ సంఘానికీ సెక్రటరీ ఆయనే. ఇంట్లోనూ ఆ పేరే స్థిరపడింది. ఆ సాయంత్రం వాళ్ళ హాల్లో బ్లూస్ కచేరీ, అమెరికా నల్లజాతివాళ్ళ కష్టాల్లోంచి పుట్టిన పాటలు. మైకు ఉండదు. ఒక మనిషి, ఒక గిటారు, ఎదురుగా నలభై యాభై మంది. వచ్చినవాళ్ళు ఇచ్చే విరాళంతో చెవుడున్న పిల్లలకు వినికిడి మిషన్లు కొంటారు.

కోడలు కర్టెన్లు కుట్టి నాలుగు రాళ్ళు సంపాదిస్తుంది. వీధి రొద లోపలికి రాకూడదని ఆయన అంటే, బేరాలు పక్కన పెట్టి మందపాటి గుడ్డ కుట్టి కిటికీలన్నిటికీ వేలాడదీసింది. అంచు వంకరగా ఉందన్నాడు.

"సెక్రటరీ గారూ, ఫ్రిజ్ ఆపారు, టీవీ ఆపారు. ఇంకేమైనా ఆపాలా? నా ఊపిరి?"

"వేళాకోళానికి ఇదేనా టైము? అమ్మ బ్యాగు సర్దు. భోజనాలవగానే చెల్లెలింట్లో దింపేసి వస్తాను."

"ఎందుకూ?"

"అమ్మ ఊరుకుంటుందా? పాట మధ్యలో 'ఎవరొచ్చారు, ఏమంటున్నాడు' అని కేకలేస్తుంది. తన గొంతు తనకు వినపడదాయె. ఇంతమంది ముందు పరువు పోతుంది."

"ఆవిడకేం చెప్పారు?"

"చెల్లెలు బెంగపెట్టుకుందని చెప్పాను."

"మొన్న మీ గొంతు వినగానే ఫోన్ పెట్టేసిన చెల్లెలేనా? ఆవిడకు బెంగా!"

ఆయన బెంచీ జరిపాడు. పాలు పొంగాయి. పొయ్యి తుడుస్తూ కోడలు తనలో తనే గొణుక్కుంది. అత్తగారికీ మిషన్ ఒకటి కొన్నారు. పెట్టుకుంటే గిన్నెల కొట్లో పిల్లులు పడ్డట్టుందని ఆవిడ దాన్ని సొరుగులో పడేసింది. అప్పటి నుంచీ ఆవిడకు ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గరికి వెళ్ళి అరవాలి. ఆ పని కోడలిదే అయిపోయింది.

మధ్యాహ్నం పాటగాడు గది చూసుకోవడానికి వచ్చాడు. ఒక తీగ మీటి, కాలితో నేల తట్టి పెదవి విరిచాడు.

"రాతి నేల పలకదండీ. నాకు డోలక్ లేదు, ఇంకొకరు లేరు. తాళమంతా పాదంతోనే. కింద చెక్క కావాలి."

సెక్రటరీ ఇల్లంతా చూశాడు. తల్లి స్నానానికి వెళ్ళింది. ఆవిడ పరుపు ఎత్తి, మంచం మధ్య చెక్క లాగి తెచ్చాడు. ఎలాగూ ఈ రాత్రికి ఆవిడ ఇక్కడ పడుకోదు కదా అనుకున్నాడు. పాటగాడు దాని మీద కాలు ఆడించి తల ఊపాడు.

"ఒరేయ్! నా మంచానికేం వచ్చిందిరా?"

ఆ కేకకు పాటగాడు లేచి నిలబడ్డాడు. తడి జుట్టుతో తల్లి గుమ్మంలో ఉంది.

"ఏం లేదులే అమ్మా."

"ఏమిటీ?"

"ఏం లేదులే!" అన్నాడు చెయ్యి విసిరి.

కోడలికి ఒళ్ళు మండింది. వంటింట్లోంచి వచ్చి అత్తగారి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఇవాళ మీరు ఇంట్లో ఉండకూడదట అత్తయ్యా! మీరు నోరు తెరిస్తే కచేరీ పాడైపోతుందట!"

"బయటివాళ్ళ ముందు ఏమిటా మాటలు?" అన్నాడు భర్త.

"విరాళం ఎవరి కోసమండీ? చెవిటి పిల్లల కోసమేగా? ఇంట్లో చెవిటి మనిషిని గుమ్మం దాటించి ఊళ్ళో వాళ్ళకు మిషన్లు కొంటారా? రేపు ఆ పిల్లలే పాట వింటామని వస్తే వాళ్ళను ఏ చెల్లెలింట్లో దింపుతారు?"

పాటగాడు గిటారు వైపు చూస్తూ ఉండిపోయాడు. ముసలావిడ నెమ్మదిగా వచ్చి ముందు వరసలో కుర్చీలో కూర్చుంది.

"అరవకమ్మాయ్, బ్యాగు చూసినప్పుడే నాకు తెలిసింది. పోదామనే అనుకున్నాను." కొడుకు వైపు తిరిగింది. "చెవుడు నాకు కష్టం కాదురా. మీరంతా నవ్వుతారు. ఎందుకురా అంటే ఏం లేదులే అంటావు. గొడవ పడతారు. ఏం లేదులే. ఆస్పత్రిలో డాక్టరు బయటికొచ్చి నీతో మాట్లాడాడు. ఏమన్నాడురా అని నీ చెయ్యి పట్టుకుని అడిగాను. ఏం లేదులే అన్నావు. మీ నాన్న పోయాడని నాకు ఎవ్వరూ చెప్పలేదు. నీ మొహం చూసి తెలుసుకున్నాను."

పాటగాడు చెక్క మీద నుంచి కాలు తీశాడు. "అమ్మగారి మంచానిదైతే నాకొద్దండీ," అన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది తల్లి.

ఆ పాత మాట సెక్రటరీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ మంచం చెక్క తనకొద్దంటున్నాడమ్మా!"

"ఉంచుకోమను. పాటయ్యాక పట్టుకుపోకుండా చూడు."

సాయంత్రానికి హాలు నిండింది. కోడలు వెనక గోడకు ఆనుకుని నిలబడింది. మొదటి పాట ఎత్తుకున్నాడు:

*పొద్దున లేస్తే నా చెప్పులు కనపడవు...*

"ఏమంటున్నాడు?" అంది అత్తగారు, వీధి చివరికి వినపడేలా. తలలన్నీ తిరిగాయి. సెక్రటరీ లేచి వెళ్ళి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. "పొద్దున లేస్తే చెప్పులు కనపడట్లేదట!" అని అరిచాడు. పాటగాడు అప్పటికి అదే మాట రెండోసారి పాడుతున్నాడు.

"మళ్ళీ నోరాడిస్తున్నాడే? ఇప్పుడేమిటి?"

"అదేనమ్మా! బ్లూస్‌లో అంతే. ఒక మాట రెండుసార్లు పాడి, తర్వాత జవాబు చెబుతారు!"

"మంచి పద్ధతి. నువ్వూ నేర్చుకో."

హాలంతా నవ్వింది. పాటగాడు తీగ మీద చెయ్యి ఆపి, సెక్రటరీ సర్దుకుని కూర్చునేదాకా ఆగి, మూడో మాట వదిలాడు: *వాటిని వేసుకుని పోయినావిడా కనపడదు.* సెక్రటరీ దాన్ని తల్లి చెవికి అందించాడు. అందరి నవ్వూ అయ్యాక ఆవిడ ఒక్కతే నవ్వింది.

తర్వాతి పాట నిదానంగా సాగింది. చీకటి పడినా ఇంటికి రాని మనిషి కోసం వేసి ఉంచిన దీపం గురించి. సెక్రటరీ మొదటి మాట అందించాడు. రెండోది అందించబోయి ఆగిపోయాడు.

"ఏమైందిరా?"

"ఏం..." అన్నాడు. ఆ మాట అక్కడే ఆపేసి, ఆవిడకు వినపడాలంటే ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగానూ చెప్పాడు.

"నాన్న గుర్తొచ్చాడమ్మా!"

ముసలావిడ కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"నాకూనురా," అంది. గట్టిగానే అంది.