పెగ్గీ చెవులు

శనివారం పొద్దున మలకీ వంటింట్లో నిలబడి రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు. బయట సన్నగా వాన పడుతోంది. మేడ మీద కూతురి గది తలుపు బార్లా తీసి ఉంది. ఆ ఇంట్లో అదే వింత.

జనవరిలో అమ్మమ్మ పోయిన దగ్గర్నుంచి పదమూడేళ్ళ క్లీనా బడి మానేసింది. తల్లిదండ్రులు బతిమాలారు, కోప్పడ్డారు, డాక్టరుకు చూపించారు, చర్చి ఫాదర్ చేత చెప్పించారు. ఏప్రిల్ వచ్చినా పిల్ల గడప దాటలేదు. అలాంటిది ఈ రోజు తల్లి ఊనాతో కలిసి కారెక్కింది. పరుగుపందేల నుంచి తీసేసిన కుక్కల్ని చేరదీసే లానిగన్ అనే పెద్దావిడ దగ్గరికి వెళ్ళి ఒకదాన్ని తెచ్చుకుందామని ఊనా అడిగితే, క్లీనా మారుమాట లేకుండా కోటు వేసుకుంది.

మలకీకి ఇష్టం లేదు. అయినా ఎదురు చెప్పే మొహం లేదు. క్లాన్మెల్ ఊరి చుట్టుపక్కల ఇరవై ఏళ్ళు ఇళ్ళ గోడలకు ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీ అతను. ఇళ్ళు కట్టించేవాళ్ళే దివాలా తీశాక తాపీ మూలపడింది. వృద్ధాశ్రమంలో నర్సుగా ఊనా తెచ్చే జీతంతో ఇల్లు నడుస్తోంది. పగలంతా తండ్రీ కూతుళ్ళు ఒకే కప్పు కింద, ఒకరికొకరు ఎదురుపడకుండా తిరుగుతుంటారు.

వాకిట్లో కారు ఆగింది.

"మెల్లగా, మెల్లగా," అంటూ క్లీనా ముందు లోపలికి వచ్చింది. ఆమె పట్టుకున్న తాడు చివర లేతగోధుమ రంగు గ్రేహౌండు, పందెపు కుక్క. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. వెనక కాలు వంకరపోయింది. చెవులు సగానికి లేవు. కోసిన చోట అంచులు ముడుచుకుని, నల్లగా గట్టిపడి ఉన్నాయి.

"మలకీ, నువ్వు కాస్త కదలకుండా ఉండు," అంది ఊనా. "మగవాళ్ళంటే దీనికి భయమట. పోస్టుమాన్ని చూసినా ఒంటికి పోసుకుంటుందని చెప్పింది ఆవిడ. కమరా కొండల రోడ్డు మీద దొరికిందట పాపం, రక్తమోడుతూ."

కుక్క గడప దగ్గర ఆగి గాలి పీల్చింది. తరువాత తాడును లాక్కుంటూ, కుంటుకుంటూ నేరుగా మలకీ దగ్గరికి నడిచింది. తన బరువంతా అతని తొడకు ఆనించి నిలబడి, అతని చొక్కా చేతి అంచును పళ్ళతో సుతారంగా పట్టుకుంది.

క్లీనా పకపకా నవ్వింది. మూడు నెలల తరువాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది.

"చూడు మమ్మీ! డాడీనే ఎంచుకుంది!"

"మనిషిని చూసి మోసపోయింది," అని ఊనా కూడా నవ్వింది.

మలకీ నవ్వలేదు. చేతిలోని రొట్టె ముక్క నేల మీద పడింది. కుక్క మెడ కింద తెల్లమచ్చ అతనికి కనపడింది. చొక్కా అంచు అలా పట్టుకునే కుక్క భూమ్మీద ఒక్కటే ఉండేది. శనివారం శనివారం సాసేజి ముక్క కోసం అది అతని చేతిని అలాగే పట్టి లాగేది.

"తీసుకుపోయి ఇచ్చేసి రా ఊనా," అన్నాడు. "ఇది మనకొద్దు."

*

వారం రోజులు ఆ ఇంట్లో అదే రభస. తిండి ఖర్చన్నాడు, వెంట్రుకలన్నాడు, జబ్బుకుక్కన్నాడు. చెప్పిన కారణం మళ్ళీ చెప్పకుండా రోజుకో కొత్తది తెచ్చాడు.

"గురువారం, శనివారం పందేల ట్రాకు దగ్గర కుక్కల వెంట అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మనిషివి," అంది ఊనా ఒక సాయంత్రం, గిన్నెలు కడుగుతూ. "నీ స్నేహితులతో కలిసి కుక్కను కూడా కొన్నావు. అప్పుడు నీకు వెంట్రుకలు అడ్డం రాలేదా?"

"అది వేరు."

"ఏం వేరు? అది గెలిచేది, ఇది కుంటిది. అంతేగా?"

మలకీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. కుక్క లేచి అతని వెనకాలే వెళ్ళింది. క్లీనా దానికి హనీ అని పేరు పెట్టింది. ఆ పేరుకు అది పలికేది కాదు. తన పళ్ళెంలోది తినిపించేదీ, పక్కలో చోటిచ్చేదీ క్లీనానే అయినా, మలకీ ఏ గదిలో ఉంటే ఆ గది గుమ్మంలో పడుకునేది. అతను కాలితో నెట్టబోయి ఆగిపోవటం ఊనా రెండుసార్లు చూసింది. ఎందుకు ఆగుతున్నాడో అర్థం కాలేదు.

మరుసటి శనివారం క్లీనా కుక్కను వెంటబెట్టుకుని మాంసం కొట్టుకు వెళ్ళింది. కొట్టు యజమాని టెడ్డీ, మలకీ స్నేహితుడు. ఎముకలు పొట్లం కట్టి బయటికి తెచ్చినవాడు అలాగే నిలబడిపోయాడు.

"ఇదెక్కడిదే పిల్లా?"

"లానిగన్ గారి దగ్గర తెచ్చుకున్నాం అంకుల్."

"దేవుడి మీద ఒట్టు, అచ్చం మా పెగ్గీయే! నేనూ మీ నాన్నా ఇంకో ఇద్దరం కొన్నాం చూడు, అదే. ఆ మచ్చా, ఆ మూతీ..." టెడ్డీ వంగాడు. కుక్క వెనక్కి జరిగింది. చెవులు కనపడగానే చటుక్కున నిటారుగా లేచాడు. "కాదులే. అది అక్టోబరులోనే పోయింది. కాలు విరిగింది కదా, మీ నాన్నే చూసుకున్నాడు. నువ్వు ఇంటికి పో అమ్మా."

ఎముకలకు డబ్బు తీసుకోవటం కూడా మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయాడు.

*

ఒంటిగంటకు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఉడికించిన బంగాళాదుంపలు, క్యాబేజీ, ఉప్పుమాంసం. క్లీనా ఫోర్కు ముట్టుకోలేదు.

"పెగ్గీ," అంది మామూలుగా.

గుమ్మంలో పడుకున్న కుక్క దిగ్గున తల ఎత్తింది. తోక నేల మీద టపటపా కొట్టుకుంది.

"వారం నుంచి హనీ, హనీ అని పిలుస్తున్నాను. ఒక్కసారైనా ఇలా చూసిందా మమ్మీ?"

ఊనా భర్త వైపు తిరిగింది. "పెగ్గీ మీ కుక్క పేరు కదూ? దాన్ని ఫెదర్డ్ దగ్గర ఎవరో రైతుకు ఇచ్చామన్నావు. అక్కడి పిల్లలు దాన్ని సోఫా మీద పడుకోబెడుతున్నారన్నావు."

మలకీ బంగాళాదుంపను ఫోర్కుతో చిదుముతున్నాడు.

"నీతోనే మలకీ."

"కాలు బాగు కాదన్నారు," అన్నాడు చివరికి, పళ్ళెంలోకి చూస్తూ. "నాకప్పుడే పని పోయింది. కుక్కను మేపే బ్రాడీ నెలనెలా డబ్బు అడుగుతున్నాడు. టెడ్డీ వాళ్ళు చేతులు దులుపుకున్నారు. బ్రాడీనే చూసుకోమన్నాను."

"చూసుకోవటమంటే ఏంటి డాడీ?"

"డాక్టరు సూది వేస్తాడనుకున్నా. నొప్పి లేకుండా నిద్రలో పోతుందనుకున్నా."

"అనుకున్నావా, అడిగావా?" అంది ఊనా.

"అడగలేదు."

క్లీనా మళ్ళీ నోరు తెరిచింది.

"మరి చెవులెందుకు కోశారు?"

"తిను ముందు..."

"ఎందుకు కోశారు?"

"చెవి లోపల పచ్చబొట్టు ఉంటుంది. నంబరు. అది చూస్తే కుక్క ఎవరిదో తెలిసిపోతుంది."

"ఎవరి పేరు తెలుస్తుంది?"

మలకీ కళ్ళు మూసుకున్నాడు. "నా పేరు. కాగితాల్లో నా పేరే ఉంది."

"అంటే నీ పేరు బయటికి రాకుండా దాని చెవులు కోశారా?"

"నేను కోయమన్లేదమ్మా!"

"కోయొద్దనీ అనలేదు!" క్లీనా కుర్చీ వెనక్కి పడేలా లేచింది. "అమ్మమ్మ గురించి కూడా ఇలాగే అన్నావు. వాటర్‌ఫర్డ్ ఆశ్రమంలో వాళ్ళు చూసుకుంటారు, నువ్వేడవకు అన్నావు. మూడు వారాలకు పోయిందని ఫోనొచ్చింది. నేను కనీసం... వస్తానని చెప్పాను అమ్మమ్మకి. ఆదివారం వస్తానని చెప్పాను. మీరు తీసుకెళ్ళలేదు!"

"మీ అమ్మ కూడా ఒప్పుకుంది," అనేశాడు మలకీ. అన్న మరుక్షణమే నాలుక కొరుక్కున్నాడు.

ఎక్కడెక్కడి ముసలివాళ్ళకో అన్నం తినిపించే చేతులు ఊనావి. సొంత తల్లిని మాత్రం ఇంటికి దూరంగా, పరాయి నర్సుల చేతుల్లో పెట్టింది.

"ఒప్పుకున్నాను," అంది. "ఆ ఆదివారం అలసిపోయానన్నాను. వచ్చేవారం పోదామన్నాను. అదీ నా పాపమే. కానీ మలకీ, ఆ పాపాన్ని నేను ఒక్కరోజు కూడా సోఫా మీద పడుకోబెట్టలేదు. నువ్వు అబద్ధానికి పిల్లల్ని కూడా కల్పించావు. ఎంతమందన్నావు? ముగ్గురన్నావు కదూ?"

క్లీనా కుక్కను పిలుచుకుని మేడ మీదికి వెళ్ళింది. మెట్ల మధ్యలో అది ఆగి, మలకీ కూడా వస్తున్నాడేమోనని వెనక్కి చూసింది. అప్పుడు ఊనా మొహాన్ని చేతుల్లో దాచుకుని ఏడ్చింది.

ఆదివారం సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఊనా ఒక్కటే చెప్పింది. "నేను ఎక్కడికీ పోను. అంతమాత్రాన క్షమించాననుకోకు."

*

సోమవారం పొద్దున మలకీ టీ పెడుతుంటే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. క్లీనా బడి బట్టల్లో దిగింది. మూడు నెలల్లో పొడుగైంది. చొక్కా చేతుల్లోంచి మణికట్లు బయటికొచ్చాయి.

"బడికా తల్లీ?"

"ఆఁ."

"నేను దింపనా? వాన పడుతోంది."

"అక్కర్లేదు. మమ్మీ దింపుతుంది." క్లీనా సంచీ భుజానికి వేసుకుంది. "అక్కడుండటం నాకిప్పటికీ ఇష్టం లేదు. రోజంతా ఇక్కడ నీతో ఉండటం కంటే నయమని పోతున్నాను."

ఇన్నాళ్ళూ ఆ పిల్ల బడికి వెళ్తే చాలని చర్చిలో కొవ్వొత్తులు వెలిగించినవాడు, ఆ మాట విని టీ గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు.

క్లీనా జేబులోంచి చిన్న మందుగొట్టం తీసి బల్ల మీద పెట్టింది. "ఎడమ చెవికి మళ్ళీ చీము పట్టింది. పదకొండింటికోసారి, రెండింటికోసారి రాయాలి. ముందు ఉప్పునీళ్ళతో తుడవాలి. నువ్వే రాయి."

"నేనా?"

"ఇంకెవరున్నారు ఇంట్లో?"

తల్లీ కూతుళ్ళు వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ అయింది. పదకొండింటికి మలకీ గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కలిపి, మెత్తటి గుడ్డ తీసుకుని నేల మీద కూర్చున్నాడు. పిలవకుండానే పెగ్గీ వచ్చింది. తల తెచ్చి అతని మోకాలి మీద పెట్టింది.

వారం రోజులుగా అతను ఆ చెవుల వైపు చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఇది కత్తితో ఒక్క వేటున తెగింది కాదు. ఎడమ చెవి అంచు రంపపు పళ్ళలా ఉంది. కోస్తుంటే కుక్క పెనుగులాడింది. ఎవరో గట్టిగా అదిమి పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళు చేతిపనితో బతికినవాడికి అది అర్థం కావటానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

గుడ్డ తగలగానే పెగ్గీ వణికింది. సన్నగా ఏడ్చింది. పళ్ళు మాత్రం చూపలేదు, పారిపోలేదు. చీము తుడుస్తున్నంతసేపూ అతని ముంజేతినే నాకుతూ ఉంది.

"నాకకే," అన్నాడు మలకీ. "నన్ను నాకకే తల్లీ."

అది వినలేదు. అతనికి దుఃఖం పొర్లుకొచ్చింది. మందు రాసిన వేళ్ళతోనే మొహం కప్పుకుని, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

తనను క్షమించిందని ఒక్క క్షణం అనుకోబోయాడు. అలా అనుకోవటం ఎంత తేలికో కూడా అతనికి తెలిసింది. పెగ్గీ క్షమించలేదు. దానికి తెలియదు, అంతే. తెలిసినవాళ్ళిద్దరూ సాయంత్రం ఇంటికి వస్తారు.