నిన్ననే స్టీమరు దిగినవాడు

వాళ్ళ పరిచయం చెప్పుల గొడవతో మొదలైంది.

వాన అప్పుడే వెలిసింది. బర్మాలోని రంగం పట్నం నుంచి నది దాటి దలా రేవులో ఫెర్రీ దిగి, సైకిల్ రిక్షా ఎక్కి, ఆఖర్న పొలం గట్టు మీద నడిచి వచ్చేసరికి మణిమాల కట్టుకున్న లుంగీలాంటి లోంజీ సగం బురదైంది. తల్లి పైడితల్లి పోరు పడలేక బయల్దేరిందే గానీ, ఆదివారం పూట హాయిగా పడుకోక ఈ తిప్పలేమిటని దారి పొడుగునా విసుక్కుంటూనే ఉంది.

వాళ్ళు వచ్చింది తాతలపల్లెకి. తెలుగు సంఘం వాళ్ళు పొలాల మధ్య కట్టిన పాతకాలపు ఊరది. మ్యూజియమే గానీ అద్దాల బీరువాలు ఉండవు. ఆకు కప్పిన పూరిళ్ళు, ఎడ్ల సాల, వడ్లు దంచే రోలు, చుట్టూ వరిమళ్ళు. సముద్రం దాటి వచ్చిన మొదటి తరం వాళ్ళు ఈ నేల ఎలా దున్నారో, ఏం వండుకున్నారో ఆదివారాల్లో సంఘం మనుషులే ఆ కాలపు కట్టుతో చేసి చూపిస్తారు. అడిగినదానికి జవాబు కూడా ఆ కాలం వాళ్ళలాగే చెబుతారు.

మణిమాల ఫోన్ చూసుకుంటూ మొదటి ఇంటి అరుగు మీద చెప్పులతో కాలు పెట్టింది.

"ఆగండాగండి. ఇప్పుడే అలికినాను."

లోపల్నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మోకాళ్ళ పైకి పంచె, తలకి తువ్వాలు, మోచేతుల దాకా పేడ. ఆ అవతారంలో కూడా నవ్వు బాగుంది. మణిమాలకి ఒళ్ళు మండింది అందుకే.

"బోర్డు పెట్టుకోవచ్చు కదా" అంది బర్మీస్‌లో.

"ఆ బాస నాకింకా రాదమ్మా. నిన్ననే రంగం రేవులో స్టీమరు దిగినాను" అన్నాడతను, ఎంతో అమాయకంగా.

"నటించకండి. మీరు ఇక్కడే పుట్టారని చూస్తేనే తెలుస్తోంది." ఇదీ బర్మీస్‌లోనే.

అతను పైడితల్లి వైపు తిరిగాడు. "ఈ గుంట ఏటంటంది పిన్నీ?"

పైడితల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మణిమాలకి తెలుగు రాక కాదు. తల్లి మాట్లాడే ప్రతి ముక్కా అర్థమవుతుంది, జవాబే బర్మీస్‌లో వస్తుంది. ఆ రోజు మాత్రం పౌరుషానికి పోయి మాటలు కూడదీసుకుంది.

"సెప్పులు... నాను తీసేస్తాను. నువ్వు... నీ ముకం మీద పేడ ఉన్నాది."

అతను గబుక్కున మొహం తుడుచుకున్నాడు. అంతవరకూ లేని పేడ అప్పుడు అంటుకుంది.

సాయంత్రం తిరుగు ఫెర్రీలో అతను జీన్స్ వేసుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, శనగలమ్మే ఆవిడతో గడగడా బర్మీస్‌లో బేరమాడుతూ కనిపించాడు. మణిమాల వెళ్ళి పక్కన నిలబడింది.

"ఒక్క రోజులో బాగానే నేర్చుకున్నారు."

"ట్యూషన్ పెట్టించుకున్నాను" అంటూ శనగల పొట్లం ఆమె ముందుకు చాపాడు.

పేరు సూరి. పట్నంలో బోటాటౌంగ్ పేట కంటైనర్ యార్డులో గుమాస్తా. తాతలపల్లెలో రెండో ఇంట్లో అంబలి కాచే సూరమ్మ అతని తల్లి. పొట్లం ఖాళీ అయ్యేలోగా ఇన్ని సంగతులు తెలిశాయి. ఫెర్రీ ఇంకొంచెం మెల్లగా వెళ్తే బాగుండునని మణిమాలకి అనిపించింది.

తరువాతి ఆదివారం పైడితల్లి రానంటే, "పర్లేదమ్మా, నానొక్కర్తినే ఎల్తాను" అంది. పైడితల్లి కూతురి తెలుగు విని మురిసిపోయింది గానీ కారణం అడగలేదు.

తాతలపల్లె సరిహద్దు దాటితే సూరి బర్మీస్ ముక్క మాట్లాడేవాడు కాదు. ఆమె ఎంత బతిమాలినా, "నిన్ననే దిగినాను" అనేవాడు. దాంతో ఆమెకి పోట్లాడాలన్నా తెలుగే గతి. "నాకు నువ్వు కోపం" అనేది. "నీకు నా మీద కోపం" అని దిద్దేవాడు. "అదే కదా చెప్తన్నాను, సెన్సు ఉంటే అర్థమవుతాది" అనేది. అలా కసురుకుంటూనే ఆ వానాకాలమంతా ఆమె తెలుగు నేర్చుకుంది.

ఒక రోజు చూరు కింద ఇద్దరూ వాన ఆగడం కోసం నిలబడ్డారు. నిజానికి వాన ఆగాలని ఇద్దరికీ లేదు.

"ఓడలో ఉద్యోగం ఒచ్చింది, మణీ. ఏడాది కాంట్రాక్టు. ఎల్లాలా, మానాలా?"

"నన్నెందుకడుగుతావు?"

"మరెవుర్నడగాలి?"

చూరు నీళ్ళు కాళ్ళ మీద చిందుతున్నాయి. వెళ్ళొద్దు అనడానికి ఆమెకి సిగ్గేసింది. "నీకు సీ సిక్‌నెస్ ఒస్తాది" అంది.

సూరి చాలాసేపు నవ్వాడు. "అయితే ఎల్లను. పండగెల్లినాక అమ్మని మీ ఇంటికి తీసుకొస్తాను. మీ అమ్మతో మాటాడ్డానికి."

మణిమాల తల దించుకుంది. తలెత్తి సరేనంటే ఏమయ్యేదో తరువాత ఎన్నోసార్లు అనుకుంది.

ఇక ఆఫీసు సంగతి. పట్నంలోనే సంచౌంగ్ పేటలో ఒక ఫోన్ కంపెనీ కస్టమర్ సర్వీసులో ఆమె పని. అక్కడ ఆమె మణిమాల కాదు, మ థీరి. బడిలో వేసిన బర్మా పేరది. చిన్నప్పుడు బడి గేటు దగ్గర తల్లి తెలుగులో కేకేసి పిలిస్తే పిల్లలు చాన్నాళ్ళు ఆ పిలుపునే వెక్కిరించారు. అప్పట్నుంచీ బయట తెలుగు ఊసెత్తకపోవడం ఆమెకి అలవాటైంది. తాతలపల్లె సంగతి గానీ, సూరి సంగతి గానీ ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం టీమ్ ఔటింగ్‌కి దలా అన్నారు. మొదట పగోడా, తరువాత రేవు దగ్గర భోజనం. తీరా అక్కడికి వెళ్ళాక పక్క సీటు స్నేహితురాలు స్వే ఫోన్‌లో ఫొటోలు చూపించి, "ఇక్కడికి దగ్గరే, పాతకాలం ఇళ్ళట, ఫొటోలు బాగా వస్తాయి" అంది. మణిమాల తలనొప్పి అంది, ఎండ అంది. ఎవరూ వినలేదు.

అరుగు మీద సూరి ఎప్పట్లాగే పంచె కట్టుకుని తాడు పేనుతున్నాడు. ఆమెను చూడగానే లేచాడు. అంత సంతోషం అతని మొహంలో ఆమె ఎప్పుడూ చూడలేదు. చెప్పకుండా స్నేహితులందర్నీ తీసుకొచ్చిందనుకున్నాడు పాపం.

"ఒచ్చినావా మణీ? ఈళ్ళందరూ నీ ఆఫీసోళ్ళేనా? రండి, రండి."

స్వే ఆమె మోచెయ్యి పట్టుకుంది. "మ థీరి, నీకు తెలుసా ఇతను? ఏమంటున్నాడు?"

వెనక అందరూ ఆగి చూస్తున్నారు. ఎవరో నవ్వినట్టు అనిపించింది.

"ఏమో. నాకా భాష రాదు" అంది మణిమాల బర్మీస్‌లో. "ఎవరనుకున్నాడో."

నిన్ననే స్టీమరు దిగినవాడికి బర్మీస్ రాదు కదా. అందుకని సూరి ఏమీ అర్థం కానట్టే నిలబడ్డాడు. తువ్వాలు తీసి మళ్ళీ చుట్టుకుని, "మా ఊరి పిల్లనుకున్నానమ్మా. ఏటీ అనుకోకండి" అన్నాడు తెలుగులో. తరువాత వాళ్ళందరికీ నాగలి చూపించాడు, రోలు చూపించాడు, సైగలు చేసి నవ్వించాడు. మణిమాల వైపు మాత్రం చూడలేదు.

ఆ వారం ఆమె ఎన్ని మెసేజీలు పెట్టినా జవాబు రాలేదు. ఆదివారం మొదటి ఫెర్రీకే వెళ్ళింది.

"రండి, మ థీరి" అన్నాడు సూరి.

బర్మీస్‌లో అన్నాడు. ఆ ఊళ్ళో అతని నోట ఆ భాష ఆమె వినడం అదే మొదలు.

"అలగనకు సూరీ. తప్పు సేసినాను. బయమేసింది. ఎందుకేసిందో నాకే తెల్దు."

అతను మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. "నా కోపం ఆరోజే పోనాది. యార్డులో నాకూ బర్మా పేరే ఉన్నాది. నాకు తెలీదా ఏటి? కానీ అమ్మ ఇన్నాది మణీ. పక్కింట్లో అంబలి కాస్తంది కదా, గుమ్మంలోకొచ్చి అంతా ఇన్నాది. నిన్ను సూపించి, ఇదిగో ఈ పిల్లే అని సెప్పాలనుకున్నాను. ఆ పిల్ల ఎవురో అమ్మకి అలగ తెలిసింది."

"నానెల్లి అత్తతో మాటాడతాను."

"ఇప్పుడొద్దు. మండిపోతంది. కొన్నాళ్ళు పోనీ."

రెండో ఇంటి చూరులోంచి పొగ వస్తోంది. లోపల గరిటె చప్పుడు వినిపిస్తోంది. అతను వద్దన్నాడు గానీ చెయ్యి పట్టుకుని ఆపలేదు. మణిమాల అక్కడే నిలబడి, ఆ గుమ్మం వైపు చూసి, తిరిగి రేవుకి వచ్చేసింది. తిడితే పడదును గదా, రెండు దెబ్బలు వేసినా పడదును గదా అని ఆమె ఏడ్చింది చాలా నెలల తరువాత. ఆ ఉదయం మాత్రం ఆ గుమ్మం తొక్కలేదు.

మానేస్తానన్న ఓడ ఉద్యోగమే ఒప్పుకుని సూరి ఓడెక్కాడు. మొదట్లో ప్రతి రేవు నుంచీ ఫోన్ చేసేవాడు. తరువాత సిగ్నల్ లేదనేవాడు.

అతను వెళ్ళాక మణిమాల సంఘం వాళ్ళని అడిగి ఆదివారాలు తాతలపల్లెలో పనికి చేరింది. వడ్లు దంచింది, అరుగులు అలికింది. పాతచీర కట్టుకుని, వచ్చినవాళ్ళకి తెలుగులోనే కథలు చెప్పింది. ఒకసారి స్వేని తనే పిలిచి తీసుకెళ్ళి, "ఇది మావాళ్ళ ఊరు. నా అసలు పేరు మణిమాల" అని చెప్పేసింది.

స్వే ఆశ్చర్యపోలేదు. "నువ్వు మెట్ల కింద నిలబడి మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడే భాష ఇదే కదా. మాకందరికీ తెలుసు. చెప్పడం నీకిష్టం లేదేమోనని ఊరుకున్నాం" అంది.

మణిమాల వెళ్ళి రోలు పక్కన కూర్చుంది. ఎవరికి భయపడి అతన్ని ఎరగనందో వాళ్ళకి అసలా పట్టింపే లేదు.

సూరమ్మ మాత్రం ఆమెతో మాట్లాడేది కాదు. మణిమాల కుండలు కడిగి పెడితే వాడుకునేది, తలెత్తి చూసేది కాదు. ఇలా ఉండగా సూరి ఫోన్ చేశాడు.

"మాల్‌మీన్‌లో అమ్మ ఓ సంబందం సూసింది. మాటియ్యలేదింకా. నువ్వేటంటావు మణీ?"

అతను అడుగుతున్నదేమిటో ఆమెకి తెలుసు. కానీ ఆ తల్లీకొడుకుల మధ్యకి మళ్ళీ వెళ్ళే హక్కు తనకి లేదనుకుంది. "మంచిదే కదా" అంది. అవతల సముద్రం హోరు వినిపించింది. "సరే అయితే" అన్నాడు సూరి.

ఓడ దిగినవాడు దిగినట్టే మాల్‌మీన్ వెళ్ళాడు. పెళ్ళయింది. మామగారి కొట్టు చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

పెళ్ళయిన నెలకి ఓ ఆదివారం, జనం పల్చబడ్డాక, సూరమ్మ ఒక గిన్నెలో అంబలి పోసి మణిమాల ముందు పెట్టింది.

"తాగు. పొద్దున్నించీ ఏటీ తిన్నేదు నువ్వు."

మణిమాల గిన్నె రెండు చేతులా అందుకుంది.

"ఓడెక్కీముందు వాడు నన్నడిగినాడు" అంది సూరమ్మ, పొయ్యిలో కట్టె సర్దుతూ. "అమ్మా, ఒక్కపాలి ఆల్లింటికి ఎల్దామే, పిల్ల మంచిదే, అని. నాను ఎల్లనేదు. మనల్ని ఎరగనన్నదాని గుమ్మం తొక్కనన్నాను. ఏడాదిగా సూస్తన్నాను నిన్ను. నా కడుపు మండీది, నోరు రాలేదు. నాకూ తొందరెక్కువే తల్లీ. ఇప్పుడు మీ ఇంటికి రమ్మంటే ఒస్తాను. ఏటి లాబం?"

"రండత్తా" అంది మణిమాల. "లాబానికి కాదు. ఊరికే రండి. టీ తాగుదురు గాని."

సూరమ్మ నిజంగానే వచ్చింది. తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, చేతిలో అరటిపళ్ళతో వచ్చింది. పైడితల్లికి ఏ సంగతీ తెలియదు. సంఘం మనిషి ఇంటికొచ్చిందని సంబరపడి కుర్చీ తుడిచి వేసింది, పకోడీలు వేసింది, కూతురి చేత టీ ఇప్పించింది. సూరమ్మ కప్పు అందుకుంటూ ఆ పిల్ల మొహం కేసి కాస్త ఎక్కువసేపే చూసింది.

"మీ అబ్బాయికి పెళ్ళయిందా వదినా?" అంది పైడితల్లి.

"అయింది. నెలయింది."

"మంచిదే. మా దానికే ఏటీ కుదరడం నేదు. మీకు నలుగురూ తెలుసు. మీవోడిలాంటి కుర్రోడెవుడైనా ఉంటే సూడండి వదినా."

సూరమ్మ కప్పు కింద పెట్టింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. పకోడీలో మిరపకాయ తగిలిందనుకుని పైడితల్లి నీళ్ళ కోసం లేచింది.

"నువ్వు కూర్చోమ్మా, నాను తెస్తాను" అని మణిమాల లోపలికి వెళ్ళి కుండలో చెంబు ముంచింది. చెంబు నిండినా చాలాసేపు అలాగే ముంచి పట్టుకుని ఉంది.